పొరుగూరి పంతులుగారికి మన పెద్దలు ఏమిచ్చారు?

ఉద్యోగం కోసమో, మగ్గం కోసమో, కూలి కోసమో పుట్టిన ఊరు వదలి వచ్చిన కుటుంబాలు మనవి. కొత్తచోట నాలుగు తెలుగు ఇళ్ళు చేరితే మొదట ఒక రామమందిరం లేస్తుంది. ఆ వెనుక పిల్లల చదువు మాట వస్తుంది. మందిరం సంగతి తేలిక. ఒక పటం తెచ్చి పెట్టుకొని భజన మొదలుపెట్టవచ్చును. బడికి పటం చాలదు, మనిషి కావాలి. తెలుగు వచ్చిన మనిషి, పాఠం చెప్పగల మనిషి, తన ఊరినీ తల్లిదండ్రులనూ వదలి భార్యాబిడ్డలతో మన ఊరికి రావడానికి ఒప్పుకొనే మనిషి కావాలి. వచ్చినవాడు ఏడాది తిరగకముందే వెళ్ళిపోకుండా నిలవాలి.

ఫలానా ఊళ్ళో తెలుగు బడి ఎందుకు మూతపడిందని అడిగితే మనం సాధారణంగా రెండు జవాబులు చెబుతాము. పిల్లలు రావడం లేదనేది ఒకటి, ప్రభుత్వం పట్టించుకోవడం లేదనేది మరొకటి. రెండూ నిజమే కావచ్చును. కాని మూడవ కారణం ఒకటి ఉన్నది. పంతులుగారు దొరకలేదు, దొరికినా నిలవలేదు. పంతులుగారు నిలవని బడికి పిల్లలు మాత్రం ఎట్లా వస్తారు?

నేను రైల్వేలో గుమాస్తాను. మా శాఖలో మనిషిని ఒక ఊరినుంచి మరొక ఊరికి పంపితే అతనికి ఏమేమి ఇవ్వాలో రూలు పుస్తకంలో వ్రాసి ఉన్నది. ఇంటిల్లిపాదికీ బదిలీ పాసు ఉంటుంది, సామాను వేసుకొనేందుకు కిట్ పాసు ఉంటుంది, కొత్తచోట చేరడానికి జాయినింగ్ టైము ఉంటుంది. ఏడవ వేతన సంఘం సిఫారసుల మీద 2017లో వచ్చిన ఉత్తర్వుల ప్రకారం దూరపు బదిలీకి ఒక నెల మూలవేతనంలో నూటికి 80 వంతులు బదిలీ గ్రాంటుగా ముడుతుంది. ఖాళీ ఉంటే క్వార్టరు దొరుకుతుంది. రైల్వేవారి బడులలో పనిచేసే ఉపాధ్యాయులు కూడా రైల్వే ఉద్యోగులే గనుక క్వార్టరు, పాసు, ఆసుపత్రి వారికీ ఉన్నవి. ఈ బిల్లులు చూచే పనిలో ఉండగా నాకొక సందేహం పుట్టినది. బడిపంతులును దూరంనుంచి పిలిపించుకోవడం కొత్త విషయం కాదు గదా, పూర్వం మనవాళ్ళు వారికి ఏమిచ్చేవారు? తీరిక దొరికినప్పుడల్లా చదివి తెలుసుకొన్నది ఈ ఉగాది సంచికలో మన కుటుంబాల ముందు పెడుతున్నాను.

శాసనాల కాలం

మొదట కృష్ణాతీరానికి వెళదాము. నేటి గుంటూరు జిల్లాలో మందడం, వెలగపూడి, మల్కాపురం అనే ఊళ్ళు పక్కపక్కన ఉన్నవి. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి ఇదే. మల్కాపురంలో 1261వ సంవత్సరం నాటి ఒక శిలాశాసనం ఉన్నది. అది కాకతి రుద్రమదేవి కాలం. కాకతి గణపతిదేవునికి దీక్షాగురువు విశ్వేశ్వర శంభువు. ఈయన తెలుగువాడు కాదు. గౌడదేశంలో, అంటే నేటి బెంగాలులో, రాఢ అనే ప్రాంతంనుంచి వచ్చినవాడు. గణపతిదేవుడు ఆయనకు మందడం గ్రామం ఇవ్వ సంకల్పించగా, కూతురు రుద్రమదేవి ఆ దానం నెరవేర్చి వెలగపూడిని కూడా కలిపి ఇచ్చినది.

దానం పుచ్చుకొన్న గురువుగారు ఆ ఊళ్ళను తన సొంతానికి వాడుకోలేదు. దక్షిణాదినుంచి వచ్చిన అరువది ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలను అక్కడ నిలిపి, ఒక్కొక్క కుటుంబానికి రెండు పుట్ల భూమి ఇచ్చాడు. మిగిలిన ఆదాయాన్ని మూడు భాగాలు చేశాడు. ఒకటి శివాలయానికి, రెండవది మఠానికీ, చదువుకొనేవారికీ, మూడవది ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ, అన్నసత్రానికీ. ఋగ్వేదం, యజుర్వేదం, సామవేదం చెప్పడానికి ముగ్గురు, తర్కం, సాహిత్యం, ఆగమం మొదలయిన శాస్త్రాలు చెప్పడానికి ఐదుగురు ఉండాలని ఏర్పాటు. వీరితోబాటు ఒక వైద్యుడు, ఒక లెక్కల కరణం. పల్లెకు కావలసిన పనివారి జీవనానికి కూడా వసతి చూపించాడు.

ఈ జాబితాలో ప్రసూతిశాల దగ్గర పాఠకులు కొంచెం ఆగి ఆలోచించాలి. దూరదేశం వెళ్ళే మనిషి జీతం ఎంత అని అడుగుతాడు. అతని ఇల్లాలు అడిగే ప్రశ్న వేరు. అక్కడ జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, పురుడు వస్తే ఎవరున్నారు అని అడుగుతుంది. బదిలీ మీద తిరిగిన కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఎన్నో బదిలీలను ఆపించినదీ, రద్దు చేయించినదీ ఆ ప్రశ్నే. ఏడువందల అరవై ఏళ్ళ కిందట ఒక ఊరు నిలబెట్టిన పెద్దమనిషి దానికి కూడా జవాబు సిద్ధం చేసుకొన్నాడు. తానే దూరంనుంచి వచ్చినవాడు గనుక దూరపువారి ఇబ్బంది ఆయనకు తెలిసి ఉంటుందని నాకు తోస్తున్నది.

ఇటువంటివి తెలుగునాట మాత్రమే కాదు, మనం నేడు కాపురం ఉంటున్న ఇతర రాష్ట్రాలలోనూ కనిపిస్తాయి. కర్ణాటకలో విజయపుర జిల్లా సాలోటగిలో 945వ సంవత్సరం నాటి శాసనం ఉన్నది. రాష్ట్రకూట రాజు మూడవ కృష్ణుని మంత్రి నారాయణుడు అక్కడ ఒక విద్యాశాల కట్టించాడు. అనేక జనపదాలనుంచి విద్యార్థులు వచ్చేవారనీ, వారి బసకు ఇళ్ళు ఉండేవనీ, ఉపాధ్యాయునికి మాన్యం భూమి, ఇల్లు ఏర్పరచారనీ దానివల్ల తెలుస్తుంది. తమిళనాట విళుప్పురం ప్రాంతంలోని ఎణ్ణాయిరంలో మొదటి రాజేంద్ర చోళుని కాలంలో, అంటే సుమారు 1025లో, 340 మంది విద్యార్థులున్న కళాశాల నడిచినది. వారిలో 270 మంది చిన్న చదువులవారు, 70 మంది పెద్ద చదువులవారు. బోధకులు 14 మంది. దీని పోషణకు 45 వేలి భూమి, అంటే మన లెక్కలో దాదాపు 300 ఎకరాలు, కేటాయించారు. బోధకులకు రోజుకు ఇంత ధాన్యం అని కొలత, దానిపైన కొంత బంగారం.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ విద్యాశాలలు ఊరందరి పిల్లలకోసం పెట్టినవి కావు. అక్కడ చదువు వేదశాస్త్రాలు, చదివేవారు ఆ చదువుకు అర్హులని ఆనాటి సమాజం ఒప్పుకొన్న కొద్దిమంది. నేతగాని కొడుకు, రైతు కూతురు ఆ గడప తొక్కలేదు. కాబట్టి ఆ చదువును మనం ఆదర్శంగా తీసుకోనక్కరలేదు. చదువు చెప్పేవాణ్ణి ఏ విధంగా నిలబెట్టారనేది మాత్రం నేర్చుకోదగినది. వారికి చేతికిచ్చి చేయి దులుపుకొనే జీతం కాక, కాలు మోపి నిలవడానికి నేల ఇచ్చారు.

వీధిబడి అయ్యవారు

మామూలు పిల్లల చదువు వీధిబడిలో, అరుగు మీద సాగేది. అక్కడి అయ్యవారికి రాజులు మాన్యాలు ఇచ్చినది తక్కువ. ఇసుకలో అక్షరాలు దిద్దించే ఆ పంతులుగారు పిల్లలు తెచ్చిచ్చే అణాల మీద బ్రతికేవారు. దసరాకు పిల్లల చేత విల్లంబులు పట్టించి ఇంటింటికీ తిప్పడం మన పెద్దలకు జ్ఞాపకమే. పిల్లలకు పప్పుబెల్లాలు, అయ్యవారికి వరహాలు అని పాడించేవారు. అది వేడుక మాత్రమే అనుకొంటాము. లెక్క చూస్తే అది పంతులుగారి వార్షిక బోనసు.

ఆ లెక్క ఎంతో చెప్పే కాగితాలు ఉన్నవి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్‌లో కలెక్టర్లందరికీ ఉత్తరువు పంపి, మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు అని వివరాలు అడిగాడు. అన్నీ కూడితే రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. అప్పటి జనసంఖ్య 1,28,50,941. అంటే సుమారు వెయ్యిమందికి ఒక బడి.

బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మనకు మరీ ముఖ్యం. ఆ జిల్లాలో 533 బడులు. అందులో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. భాషాప్రయుక్త రాష్ట్రాలు అనే మాట పుట్టకముందు ఒకే జిల్లాలో కన్నడ బడి, తెలుగు బడి ఇంచుమించు సమానంగా నడిచాయి. ఎవరి భాషకు వారు పంతులును పెట్టుకొన్నారు, ఎవరి పంతులును వారు పోషించుకొన్నారు. నేడు బళ్ళారిలో, హోసపేటలో ఉన్న మనవాళ్ళు ఈ అంకెలను తమ పిల్లలకు చెప్పదగును.

ఆ 533 బడులలో చదివినవారు 6,641 మంది. భాగిస్తే బడికి పన్నెండుమందికి పైచిలుకు. పిల్లవాడు నెలకు నాలుగణాలనుంచి ఎనిమిదణాల దాకా ఇచ్చేవాడు. అందరూ ఎనిమిదణాల చొప్పున తప్పకుండా ఇచ్చారనుకొన్నా అయ్యవారికి నెలకు ఆరు రూపాయల చిల్లర. మన్రో 1826 మార్చి 10న వ్రాసిన మినిట్‌లో ఈ మాటే అన్నాడు. ఉపాధ్యాయులకు సాధారణంగా నెలకు ఆరేడు రూపాయలకన్న రావడం లేదనీ, తగిన యోగ్యత గలవారిని ఈ వృత్తికి రప్పించడానికి అది చాలదనీ అతని అభిప్రాయం. చదువు బాగుపడకపోవడానికి పంతులు అజ్ఞానాన్ని తిట్టకుండా అతని ఆదాయాన్ని చూచిన అధికారి మన్రో.

అతడు సూచించిన మందు ఇది. ప్రతి జిల్లా కేంద్రంలో పెద్ద బడులు పెట్టి పంతులుకు నెలకు 15 రూపాయలు, తాలూకా కేంద్రంలో తాసీల్దారీ బడి పెట్టి 9 రూపాయలు సర్కారునుంచి ఇవ్వాలి. పిల్లలిచ్చే ఫీజు దానికి అదనం. ఫీజు కూడా మరొక తొమ్మిది రూపాయలయినా వస్తుంది గనుక, అన్నీ కలిపి చూస్తే ఈ పంతులు స్థితి స్కాట్లండు పల్లెబడి పంతులు స్థితికన్న మెరుగుగానే ఉండవచ్చునని మన్రో వ్రాశాడు.

మధ్యలో స్కాట్లండు ఎందుకు వచ్చినదని అడగవచ్చును. మన్రో పుట్టినది అక్కడి గ్లాస్గో పట్నంలో. ఆ దేశంలో 1696 నాటి చట్టం ప్రకారం ప్రతి పారిష్‌లోని భూస్వాములు బడికి ఇల్లు, పంతులుకు జీతం ఏర్పరచాలి. 1803లో మరొక చట్టం చేసి పంతులు కాపురానికి వంటగదితో కలిపి రెండు గదుల ఇల్లు, కనీసం పావు ఎకరం పెరడు కూడా ఇవ్వాలని నిర్బంధం పెట్టారు. ఆ రెండు గదులకే కొందరు భూస్వాములు, పంతుళ్ళకు మేడలు కట్టించాలా అని మండిపడ్డారట. ఏ దేశమయినా పెద్దమనుషుల గొణుగుడు ఒక్కటే! కాని ఇల్లు, పెరడు ఇచ్చారు, బడులు నిలిచాయి.

మన్రో మనదేశానికి జీతం మాట తెచ్చాడు గాని ఇల్లు, పెరడు మాట తేలేదు. అయినా అది జరిగి ఉంటే ఎంతో మేలు. 1827 జూలైలో ఆయన పత్తికొండ దగ్గర కలరాతో మరణించాడు. తరువాత పెట్టిన తాసీల్దారీ బడులకు పై అధికారుల ఆదరణ తగ్గి, 1836లో వాటిని ఎత్తివేశారు. పదేళ్ళు నిండకముందే తొమ్మిది రూపాయల పంతులు మళ్ళీ అరుగు మీదికి వచ్చాడు.

ముప్ఫై రూపాయల మేష్టారు

ఇక ఒరిస్సా సరిహద్దుకు వద్దాము. 1880లో, పదిహేడేళ్ళయినా నిండని యువకుడొకడు మెట్రిక్యులేషను ప్యాసయి, పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర చెప్పడానికి ముప్ఫై రూపాయల జీతం మీద చేరాడు. తండ్రి లేడు, కుటుంబం నిలబడాలి. అందుచేత ఉద్యోగం వెతుక్కొంటూ వచ్చాడు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయనను వాడుకభాష ఉద్యమ నాయకుడిగా అందరమూ ఎరుగుదుము. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనేది ఆయన పుట్టినరోజునే. పొరుగూరు వచ్చిన బడిపంతులుగా ఆయన కథ కూడా తెలుసుకోదగినది.

ఆయన జీతం కోసమే వచ్చినా, అక్కడ వేరొక పని కనిపించినది. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు ఉన్నారు. వారి భాష రాతలో లేదు, వారి పిల్లలకు బడి లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని తన ఇంట పెట్టుకొని రామమూర్తిగారు సవర నేర్చుకొన్నారు. ఆ భాషలో పుస్తకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వంవారు మెచ్చుకొని పారితోషికం ఇవ్వబోతే, నాకు డబ్బు వద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారట. సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ముప్ఫై ఏళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేసి 1911లో విరమించుకొన్నా ఆ ఊరు వదలలేదు.

చివరకు వదలిన కారణం కూడా మనవంటివారికి తెలిసిన కారణమే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినది. పర్లాకిమిడి అందులో చేరినది. దానికి ఇష్టపడక డెబ్బదిరెండేళ్ళ వయసులో ఆయన రాజమహేంద్రవరం వచ్చి స్థిరపడ్డారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. యాభైయైదేళ్ళు ఒకచోట నిలిచిన పంతులుగారిని ఒక గీత కదిలించినది.

గిడుగువారి కథనుంచి, పంతులుకు సేవాభావం ఉంటే చాలు, వసతులు అక్కరలేదు అని తాత్పర్యం తీసేవారు ఉంటారు. అది అన్యాయం. నూటికో కోటికో ఒకరు గిడుగువారవుతారు. మిగిలినవారికి ఇల్లు కావాలి, జీతం కావాలి, పిల్లలకు చదువు కావాలి. ఈ కథలో నాకు కనిపించిన పాఠం వేరు. పరాయివాడుగా వచ్చిన పంతులు, అక్కడి పిల్లల భాష నేర్చుకొన్ననాడు ఆ ఊరివాడయ్యాడు.

రప్పించే కానుక, వెళ్ళనిచ్చే కానుక

స్వాతంత్ర్యం తరువాత కూడా ఈ చిక్కు తీరలేదు. రోడ్డు లేని పల్లెకు, కొండబడికి పంతులును పంపడం ఎట్లా? ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయుల బదిలీలకు పాయింట్లు పెట్టారు. 2020 నాటి నిబంధనల ప్రకారం పట్నంలో పనిచేస్తే ఏడాదికి 1 పాయింటు. వసతులు తగ్గినకొద్దీ 2, 3. సరైన బాట లేని మారుమూల ఊరయితే 5. ఎక్కువ పాయింట్లు ఉన్నవారికి తరువాతి బదిలీలో కోరుకొన్న చోటు ముందుగా దొరుకుతుంది. కేంద్రీయ విద్యాలయాలు కూడా కష్టమైన చోట్లను హార్డ్ స్టేషన్లని పేరుపెట్టి, అక్కడ కొంతకాలం చేసినవారికి కోరిన ఊరికి వెళ్ళే అవకాశం ఇస్తాయి.

ఇది న్యాయమైన పద్ధతే. కష్టం ఒక్కరే మోయకుండా అందరూ వంతులవారీగా మోస్తారు. కాని లోతుగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఇక్కడ పంతులుకు ఇస్తున్న బహుమతి ఆ ఊరు వదలి వెళ్ళే హక్కు. నాలుగేళ్ళు ఓర్చుకో, తరువాత పంపించివేస్తాము అని చెబుతున్నాము. మల్కాపురంలో ఇచ్చినది ఉండిపోవడానికి, ఇక్కడ ఇచ్చేది వెళ్ళిపోవడానికి. రప్పించే కానుక వేరు, నిలిపే కానుక వేరు. 1985–86లో మొదలయిన నవోదయ విద్యాలయాలు ఈ రెంటి నడుమ ఉన్నవి. అక్కడ ఉపాధ్యాయులు బడి ఆవరణలోనే ఉంటారు, అద్దె లేని ఇల్లు, పిల్లలతో కలిసి భోజనం ఉంటుంది.

ఇంకొక దారి కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే తొక్కి చూచినది. ఏజెన్సీ ప్రాంతాల బడులకు మైదానంనుంచి వెళ్ళిన పంతుళ్ళు సరిగా హాజరుకావడం లేదని, 2000 జనవరిలో 3వ నంబరు జీవో ఇచ్చి, ఆ ప్రాంతాల ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించారు. దూరంవాణ్ణి బ్రతిమాలడం మాని, ఊరివాణ్ణే పంతులుగా తయారుచేయడం దీని ఉద్దేశం. ఇరవై ఏళ్ళు నడిచిన ఆ జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసినది. నూటికి నూరూ ఒకరికే కేటాయించడం రాజ్యాంగానికి విరుద్ధమన్నది. తీర్పు అట్లా ఉండగా, ఊళ్ళో పుట్టినవాడు ఊళ్ళో నిలుస్తాడనే అనుభవం మాత్రం కొట్టివేయదగినది కాదు.

మన సంగతి

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. 1936లో ఒరిస్సా, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న మిగిలిన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు గీతలకు అవతల మిగిలినవారు కొందరు. సోలాపురంలో మగ్గాల మీద, బొంబాయిలో కట్టడాల పనిమీద, రైలు కాలనీలలో నౌకరీ మీద వచ్చి స్థిరపడినవారు కొందరు. ఇటువంటివారి పిల్లలకోసం 1949 ఆగస్టులోనే విద్యామంత్రుల సమావేశం ఒక నియమం చేసినది. బడిలో మొత్తం 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక మాతృభాషవారు ఉంటే ఆ భాషకు ఒక ఉపాధ్యాయుణ్ణి వేయాలి. 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చి, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడం రాష్ట్రాల విధి అన్నారు. బొంబాయి నగరపాలక సంస్థ ఎనిమిది భాషలలో బడులు నడిపినది. అందులో తెలుగు ఒకటి.

నియమం మంచిదే. కాని అది పంతులు పదవిని ఇచ్చినది, పంతులును ఇవ్వలేదు. ఆంధ్రలోనో తెలంగాణలోనో శిక్షణ పొందిన యువకుడు మన ఊరికి ఎందుకు రావాలి? తన రాష్ట్రంలో అయితే అతడు స్థానిక అభ్యర్థి, ఇక్కడ పరాయివాడు. అక్కడి సర్వీసు ఇక్కడ చెల్లదు, ఇక్కడి సీనియారిటీ అక్కడ పనికిరాదు. ఈ రాష్ట్రభాష నేర్చుకోవాలి. అద్దె ఇల్లు వెతుక్కోవాలి. నాకు వచ్చే బదిలీ గ్రాంటు, కిట్ పాసు అతనికి లేవు. ఉన్నది ఒక్క పోస్టు. అందుకే పోస్టు ఖాళీగా ఉంటుంది, రెండేళ్ళు ఖాళీగా ఉంటే ఎత్తివేస్తారు, ఎత్తివేస్తే తరగతి పోతుంది. మా వైపు ఒక బడిలో ఈ వరుసలోనే జరిగినది. పిల్లలు చాలినంతమంది ఉండగానే జరిగినది.

కాబట్టి మన సంఘాలు మహజర్లు పెట్టుకోవడంతోబాటు తమ చేతిలో ఉన్న పనులు కూడా చూచుకోవాలి. చరిత్ర చూచిన మీదట నాకు తోచినవి మూడు.

మొదటిది ఇల్లు. సంఘభవనాలు ఉన్నచోట ఒక గది, ఒక వంటగది తెలుగు పంతులుగారి కాపురానికి విడిచిపెట్టాలి. ఏడాదిలో నాలుగు పండుగలకు వాడే హాలుకన్న నిత్యం దీపం వెలిగే ఆ రెండు గదులు మన భాషకు ఎక్కువ మేలు చేస్తాయి. భవనం లేనిచోట అద్దె అందరమూ పంచుకోవచ్చును. పంతులుగారి ఇంట జబ్బు చేస్తే పలకరించే ఇరుగుపొరుగు ఉండడం కూడా వసతే. మల్కాపురం వైద్యుణ్ణి మనం తేలేకపోయినా, రాత్రివేళ ఆసుపత్రికి తోడు వెళ్ళగలము.

రెండవది, మన పిల్లలలోనుంచే పంతులును తయారుచేయడం. ప్రతి కాలనీలోనూ చదువు మీద ఆసక్తి ఉండి, ఫీజు లేక ఆగిపోయే ఆడపిల్ల ఒకతె ఉంటుంది. ఇంట తెలుగు, వీధిలో రాష్ట్రభాష, బడిలో ఇంగ్లీషు ఆమెకు సహజంగా వచ్చును. ఉపాధ్యాయ శిక్షణకు ఆమె ఖర్చు సంఘం భరించి, తిరిగి వచ్చి తెలుగు చెప్పమని కోరాలి. ఆమెకు ఇల్లు వెతకనక్కరలేదు, భాష నేర్పనక్కరలేదు, స్థానికత చిక్కు లేదు. ఇంతకన్న చవకగా నిలిచే పంతులు దొరకదు.

మూడవది చాలామందికి తెలియనిది. మైసూరులో 1969లో స్థాపించిన భారతీయ భాషల కేంద్రీయ సంస్థ కింద దక్షిణ ప్రాంతీయ భాషాకేంద్రం ఉన్నది. రాష్ట్రాలు పంపిన ఉపాధ్యాయులకు అక్కడ తెలుగు మొదలయిన భాషలు పదినెలలపాటు నేర్పుతారు. వెళ్ళినవారికి తమ జీతం నడుస్తూనే ఉంటుంది, పైన స్టైపెండు కూడా ఇస్తారు. మన ఊరి బడిలో ఇప్పటికే పనిచేస్తున్న కన్నడ మేష్టారో, ఒడియా టీచరమ్మో ఇష్టపడితే వారిని ఆ శిక్షణకు పంపమని విద్యాశాఖను అడగవచ్చును. పర్లాకిమిడిలో తెలుగు పంతులు సవర నేర్చుకొని సవర పిల్లలకు చదువు చెప్పాడు. ఆ బాకీ మరొక భాషవారు మన పిల్లలకు తీరిస్తే అభ్యంతరమేమున్నది?

అన్నిటికీ డబ్బు కావాలనేది నిజం. అయితే పండుగ వేదికకు, షామియానాకు, భోజనాలకు ఏటా మనం పెట్టే ఖర్చు పక్కన ఒక పంతులుగారి అద్దె పెట్టి చూడండి. బళ్ళారి సీమలో పన్నెండేసి పిల్లల తల్లిదండ్రులు అణాలు కూడబెట్టి 226 తెలుగు బడులు నడిపిననాడు వారికి సర్కారు సాయం లేదు, సంఘభవనం లేదు, రాజ్యాంగ అధికరణం లేదు. పిల్లవాడికి తన భాషలో వ్రాయడం రావాలనే పట్టుదల ఉన్నది. దసరానాడు అయ్యవారు గుమ్మంలోకి వస్తే వట్టిచేతులతో పంపకూడదనే మర్యాద ఉన్నది.

ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో తెలుగు పంతులుగారి వసతి అనే అంశం ఒకటి కార్యక్రమంలో చేర్చవలసినదిగా కార్యవర్గంవారిని కోరుతున్నాను. నావంతు చందా మొదటి నెలనుంచే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. పాఠకులకూ, వారి కుటుంబాలకూ నూతన సంవత్సర శుభాకాంక్షలు.